ఒక పంట వెనక

మా నాయన పోయాక నా వాటాకు వచ్చినవాటిలో ఒక నోటుబుక్కు ఉంది. పొడుగు సైజుది, ఎర్ర అట్ట. మొదటి పేజీలో పైన "శ్రీ" అని రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టాడు. 1996 నుంచి 2022 దాకా ఏడాదికి ఒక పేజీ. ఉల్లిగడ్డ విత్తిన తేదీ, ఎన్నెకరాలు, విత్తనాల ఖర్చు, కలుపు కూలి, ఎన్ని సంచులు అయ్యాయి, కర్నూలు మార్కెట్ యార్డులో ఏ ధర పడింది, లారీ బాడుగ, హమాలీ, కమిషన్. అన్నీ వరసగా ఉంటాయి. ప్రతి పేజీలో చివర "ఊరిలో" అని రాసి, పక్కన ఒక అంకె ఉంటుంది. అది ఒక్కటి మాత్రం వేరే పెన్నుతో, వేరే రోజు రాసినట్టు కనిపిస్తుంది.

ఆ అంకె ఏమిటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తమ్ముణ్ని అడిగితే చెప్పాడు. ఆ ఏడు ఊళ్లో మొత్తం ఎన్నెకరాల్లో ఉల్లిగడ్డ వేశారో నాయన లెక్క కట్టేవాడంట. పంట తీసి, లారీలు పోయాక, సాయంత్రం రచ్చకట్ట మీద కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి, కూడి, ఇంటికొచ్చి రాసుకునేవాడంట. ఎవరూ అడగని లెక్క అది. ఆయన చదివింది ఐదో తరగతి.

మాది కోడుమూరు దగ్గర ఊరు. సేద్యం తమ్ముడు చూసుకుంటాడు. నేను కర్నూల్లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, బి క్యాంపులో ఉంటాను. ఒక ఆదివారం పొద్దుపోక ల్యాబ్‌లో మిగిలిన గ్రాఫ్ కాగితం తీసుకుని నాయన అంకెలు దాని మీద పెట్టడం మొదలుపెట్టాను. అడ్డంగా క్వింటాల్ ధర, నిలువుగా ఊరి ఎకరాలు. ధర ఎక్కువున్న చోట ఎకరాలు కూడా ఎక్కువుంటాయి, చుక్కలన్నీ ఏటవాలుగా ఒక గీత మీదికి వస్తాయి అనుకున్నాను. రాలేదు. నేల మీద ఆవాలు ఒలికినట్టు చెదిరిపోయాయి.

కాగితం పక్కన పడేద్దామనుకుని, ఊరికే పెన్సిల్‌తో చుక్కల్ని ఏడాది వరసలో కలపడం మొదలుపెట్టాను. మొదటి చుక్క నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి. నాలుగో చుక్క దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి గుండ్రంగా తిరుగుతోంది. ఐదారు చుక్కలకు ఒక చుట్టు పూర్తయింది. పెన్సిల్ గడియారం ముళ్లకు ఎదురుదిక్కున తిరిగి, మొదలుపెట్టిన చోటికి దగ్గరగా వచ్చి, మళ్లీ రెండో చుట్టు ఎత్తుకుంది.

అన్ని ఏళ్లూ అంత చక్కగా లేవు. కొన్నిచోట్ల గీత అడ్డంగా కోసుకుపోయింది. 2019 చుక్క కాగితంలోనే పట్టలేదు, కుడిపక్కన ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది. అయినా ఆ మొదటి పదేళ్ల చుట్లు చూసి నేను చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఎందుకంటే ఆ బొమ్మ నాకు బాగా తెలుసు. పదిహేడేళ్లుగా నల్లబల్ల మీద దాన్నే గీస్తున్నాను.

ముందు ఉల్లిగడ్డ సంగతి చెబుతాను.

ఆ చుట్టుకు నాలుగు పక్కలున్నాయి. నాలుగూ మా ఇంట్లో గడిచినవే. కుడిపక్క, ధర బాగా పలికిన ఏడు. మా అక్క పెళ్లి అట్లాంటి ఏడే అయింది. బోరు కూడా అట్లాంటి ఏడే వేయించాం. ఆ ధర అందరూ చూస్తారు కాబట్టి మరుసటి జూన్‌లో పత్తి మానేసి, ఆముదం మానేసి, ఊరంతా ఉల్లి విత్తనం కోసం తిరుగుతుంది. చుక్క పైకి పోతుంది. పైపక్క, అందరి పంటా ఒకేసారి యార్డుకు చేరిన ఏడు. అక్టోబరులో బండ్ల వరస యార్డు గేటు దాటి రోడ్డు మీదికి వస్తుంది. రాత్రంతా సంచుల మీదే పడుకుని, పొద్దున వేలంలో పలికిన ధర లారీ బాడుగకు కూడా చాలక, సరుకు అక్కడే వదిలేసి వచ్చిన ఏడు ఒకటుంది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, నాయనతో పాటు పోయాను. వాన తడిసిన ఉల్లిగడ్డ కుళ్లితే వచ్చే వాసన ఇప్పటికీ ఎక్కడన్నా తగిలితే నాకు ఆ తెల్లవారుజామే గుర్తొస్తుంది. ఎడమపక్క, చేతులు కాలినవాళ్లు ఉల్లి పేరెత్తని ఏడు. కందో జొన్నో వేసుకుంటారు. ఎకరాలు పడిపోతాయి. కిందిపక్క, సరుకు తక్కువై ధర మళ్లీ లేచే ఏడు. అక్కడి నుంచి మళ్లీ కుడికి.

మా దగ్గర వేసేది ఎక్కువగా వానకాలం పంట. జూన్, జూలైలో విత్తితే నాలుగు నెలలకు చేతికి వస్తుంది. వానకాలం గడ్డలో నీరు ఎక్కువ, నిల్వ ఉండదు. యాసంగి గడ్డయితే గాలి తగిలేట్టు పోసుకుని నెలలు దాచుకోవచ్చు. మాది దాచడానికి కాదు. పీకినాక వచ్చిన ధరకు ఇవ్వాల్సిందే. పైగా మా ధర మా చేతిలోనే కాదు, కర్నూలు చేతిలో కూడా లేదు. నాసిక్ దగ్గర లాసల్‌గావ్ మార్కెట్‌లో ఏం జరిగితే అది రెండు రోజుల్లో మా యార్డులో వినబడుతుంది. ఎగుమతులు ఆపేస్తున్నామని ఢిల్లీ నుంచి ఒక కాగితం వస్తే ఆ సాయంత్రానికే ధర జారుతుంది. 2019 సెప్టెంబరు చివర అట్లాగే ఆపారు, 2023 డిసెంబరులో మళ్లీ ఆపారు.

తినేవాళ్ల వైపు నుంచి ఇంకొక చిక్కుంది. ధర తగ్గిందని ఎవరూ రెండింతలు ఉల్లిగడ్డ తినరు. పెరిగిందని మానుకోరు కూడా. ఉల్లిగడ్డ లేని ఉగ్గాణి ఎవరు తింటారు? అందుకే సరుకు కొంచెం ఎక్కువైతే ధర చాలా పడుతుంది, కొంచెం తక్కువైతే చాలా లేస్తుంది. రైతు స్పందన గట్టిగా, తినేవాళ్ల స్పందన తక్కువగా ఉన్న పంటకు ఊపు ఎక్కువ. ఈ ముక్కను ఆర్థికశాస్త్రంవాళ్లు దాదాపు వందేళ్ల కిందటే పట్టుకున్నారు. 1920ల చివర్లో ఆర్థర్ హనౌ అనే ఆయన జర్మనీలో పందుల ధర ఇట్లాగే ఎక్కి దిగడం లెక్కలతో చూపించాడు. ఆ రోజు ధర చూసి పందుల్ని పెంచడం మొదలుపెడితే అవి అమ్మకానికి వచ్చేసరికి ఏడాది పైన పడుతుంది, అప్పటికి ధర వేరే. 1934లో నికోలస్ కాల్డర్ దీనికి సాలెగూడు అని పేరు పెట్టాడు. గిరాకీ, సరఫరా గీతల మధ్య ఒక్కొక్క ఏడూ గీసుకుంటూ పోతే బొమ్మ సాలీడు అల్లినట్టే వస్తుంది.

నాయనకు ఈ పేర్లేవీ తెలియవు. కానీ ఒకసారి యార్డు నుంచి తిరిగొస్తూ బస్సులో నాతో అన్నాడు: "ధర ముందర పోతాంటాది, మనం ఎప్పుడూ ఒక పంట ఎనక పోతాంటాం రా." ఆ మాట అప్పుడు నాకు దిగులు మాటగా వినబడింది. గ్రాఫ్ గీశాక తెలిసింది, అది కచ్చితమైన వర్ణన. ఆ గుండ్రదనానికి కారణం ఆ "ఒక పంట" ఆలస్యమే.

ఇప్పుడు నల్లబల్ల మీది బొమ్మ.

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు లఘు లోలకం ప్రయోగం ఉంటుంది. దారానికి ఇనుప గుండు కట్టి ఊపడం, ఇరవై ఊపులకు ఎంత సేపు పడుతుందో చూడడం. దారం ఒక మీటరు ఉంటే పోయి రావడానికి రెండు సెకన్లు. ఇదంతా పిల్లలకు బట్టీ వస్తుంది. మూడేళ్ల కిందట ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ప్రయోగం మధ్యలో ఆపి అడిగింది: "సార్, దానికి కావాల్సింది మధ్యలోకి రావడమే కదా. వచ్చినాక ఎందుకు ఆగదు?"

ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. జవాబు ఇది. గుండును భూమి లాగుతుంది, నిజమే. కానీ ఆ లాగడం గుండు ఉన్న చోటును నేరుగా మార్చదు. గుండు వేగాన్ని మారుస్తుంది. ఆ వేగం చోటును మారుస్తుంది. మధ్యకు వచ్చేసరికి లాగేది ఏమీ లేదు, కానీ అప్పటిదాకా లాగినదంతా వేగంగా పోగై ఉంది. అది పోగొట్టుకునేసరికి గుండు అవతలి కొసకు పోతుంది. అంటే ప్రతిదీ రెండోదాని పాత లెక్క మీద నడుస్తోంది. అడ్డంగా గుండు ఉన్న చోటు, నిలువుగా దాని వేగం పెట్టి చుక్కలు కలిపితే గుండ్రటి బొమ్మ వస్తుంది. గుండు నిజంగా తిరిగేది గుండ్రంగా కాదు, అటూ ఇటూ మాత్రమే. గుండ్రదనం ఆ రెండింటి సంబంధంలో ఉంది.

ధర ఎకరాలను ఆ పొద్దుకు మార్చదు, పెరిగే తీరును మారుస్తుంది. ఎకరాలు పంటయి వచ్చాక ధరను మారుస్తాయి. ఉల్లిగడ్డా లోలకం గుండూ ఒకే సమీకరణం అని నేను అనను. గుండు లెక్క తు.చ. తప్పదు, రైతు లెక్కలో భయం, ఆశ, పక్కవాడి మాట అన్నీ కలిసుంటాయి. కానీ చుట్టు ఏర్పడే కారణం రెండు చోట్లా ఒకటే: ఒకటి రెండోదాన్ని ఆలస్యంగా మారుస్తుంది, ఆ రెండోది తిరిగి మొదటిదానికి అడ్డం వస్తుంది.

ఆ అడ్డం రావడం ముఖ్యం. ఇట్లాంటి ఊపును సరళ హరాత్మక చలనం అంటారు, దాని సూత్రంలో ఒక మైనస్ గుర్తు ఉంటుంది, పిల్లలు పరీక్షలో ఎక్కువగా మరిచిపోయేది దాన్నే. ఎటు జరిగితే దానికి ఎదురుగా లాగుతుంది అని చెప్పేది ఆ గుర్తు. అది తీసేస్తే గుండు తిరిగి రాదు. చక్రవడ్డీ అట్లాంటిది. పేరులో చక్రం ఉంది కానీ తిరిగి మొదటికి వచ్చేది అందులో ఏదీ లేదు. అప్పు పెరిగితే వడ్డీ పెరుగుతుంది, వడ్డీ కలిసి అప్పు పెరుగుతుంది. ఎదురు లాగేవాడు లేడు. నాయన ఒక మండీలో పెట్టుబడికి తెచ్చాడు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. సరుకు ఆ మండీకే వెయ్యాలి అనేది షరతు. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపేవారు. అంటే ఏడాదికి 24 శాతం. ఆ లెక్కన మూడేళ్లు దాటిన కొన్నాళ్లకే అసలు రెట్టింపవుతుంది. ఒక పక్క నాలుగైదేళ్లకు ఒకసారి తిరిగొచ్చే ధర, ఇంకో పక్క మూడేళ్లకు రెట్టింపయ్యే అప్పు. మంచి ధర వచ్చే ఏటికి చేరుకునేలోపే చాలామంది నేల పోయేది. నోటుబుక్కులో 2004 పేజీలో "ఎకరా అమ్మితిమి" అని ఒక్క ముక్క ఉంది. దాని గురించి ఇంకేమీ వివరం లేదు.

జీవశాస్త్రంలో ఈ చుట్టు గురించి చదివినప్పుడు నాకు సొంత మనుషుల కథలా అనిపించింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గిపోయింది. యుద్ధమయ్యాక ఉంబెర్తో ద'అంకోనా అనే జీవశాస్త్రవేత్త త్రియెస్తె, వెనిస్, ఫియుమె మార్కెట్ల చిట్టాలు తీసి చూశాడు. వేట తగ్గిన ఏళ్లలో సొరచేపల్లాంటి వేటాడి తినే చేపల వాటా పెరిగి ఉంది. మార్కెట్ చిట్టాలు! నాయన నోటుబుక్కు లాంటివే. కారణం చెప్పమని ఆయన తన మామ వీటో వోల్టెరాను అడిగాడు. వోల్టెరా పెద్ద గణిత శాస్త్రవేత్త. 1926లో ఆయన రాసిన సమీకరణాల్లో చిన్న చేపలు ఎక్కువైతే పెద్దవి పెరుగుతాయి, పెద్దవి ఎక్కువైతే చిన్నవి తగ్గుతాయి, తిండి తగ్గి పెద్దవీ తగ్గుతాయి, చిన్నవి మళ్లీ పెరుగుతాయి. ఒకదాన్ని అడ్డంగా, ఒకదాన్ని నిలువుగా పెడితే చుట్టు. ఆయనకు కొంచెం ముందు అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లోట్కా కూడా విడిగా ఇదే రాశాడు. 1967లో రిచర్డ్ గుడ్విన్ అనే ఆర్థికవేత్త అవే సమీకరణాలు తెచ్చి కూలీలకు పని దొరకడానికీ, వాళ్ల కూలి వాటాకూ పెట్టి చూపించాడు. పని బాగా దొరికితే కూలి పెరుగుతుంది, కూలి పెరిగితే యజమాని పెట్టుబడి తగ్గిస్తాడు, పని తగ్గుతుంది, కూలి తగ్గుతుంది.

వోల్టెరా గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. 1931లో ముస్సోలినీ ప్రభుత్వం ప్రొఫెసర్లందరినీ విధేయత ప్రమాణం చేయమంది. దేశం మొత్తం మీద పదీ పన్నెండు మంది మాత్రం చేయబోమన్నారు. వాళ్లలో ఆయన ఒకడు. ఉద్యోగం పోయింది. మా స్టాఫ్ రూమ్‌లో ఆయన ఫొటో ఒకటి పెట్టాలని నాకుంది.

ఇవి చెబుతుంటే కొందరు మిత్రులు "అంతా చక్రమే సార్, భూమి గుండ్రం, కాలచక్రం, ఉల్లిగడ్డ కోసినా చక్రాలే" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. గుండ్రంగా కనిపించేవన్నీ ఒక కుటుంబం కాదు. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే కనిపించే చుట్లు ఆకుల అడుగు భాగాలు. బయటి చుట్ల పైన ఒక్కో ఆకు ఉండేది. ఆకు తన తిండిని అడుగున దాచుకుంటే అది ఉబ్బి పొర అవుతుంది. అక్కడ తిరిగేది ఏదీ లేదు. మన పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా గుండ్రంగా కలిసిపోయిన ఒక దారం, సుమారు 46 లక్షల అక్షరాలు. ఆ గుండ్రానికి లాభం వేరు: దానికి కొసలు లేవు. కొసలున్న మన డీఎన్ఏను నకలు తీసిన ప్రతిసారీ కొసన కొంచెం అరుగుతుంది, దాన్ని కాపాడడానికి కణాలకు వేరే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు కనిపెట్టినవాళ్లకు 2009లో నోబెల్ ఇచ్చారు. బావి గుండ్రంగా తవ్వడం ఇంకో సంగతి, చుట్టూ మట్టి ఒత్తిడి సమానంగా పడితే రాళ్లు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి. ఇవన్నీ మంచి సంగతులే, కానీ నాయన గీతతో వీటికి చుట్టరికం లేదు. ఆలస్యం వల్ల పుట్టిన చుట్టు వేరు.

ఆలస్యాన్ని కావాలని వాడుకునే చోటు ఒకటుంది, అది మన ఒంట్లోనే. దాదాపు ప్రతి కణంలో ఒక గడియారం నడుస్తుంది. దీన్ని మొదట పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో చూశారు. 1971లో రొనాల్డ్ కొనోప్కా, సేమూర్ బెంజర్ అనే శాస్త్రవేత్తలకు ఒకే జన్యువులో మార్పు వచ్చి రోజు 19 గంటలైపోయిన ఈగలు, 28 గంటలైపోయిన ఈగలు, రోజే లేని ఈగలు దొరికాయి. ఆ జన్యువు ఒక ప్రోటీన్ తయారు చేయిస్తుంది, ఆ ప్రోటీన్ పోగై, కణ కేంద్రకంలోకి తిరిగొచ్చి తనను పుట్టించిన జన్యువునే ఆపేస్తుంది. ఆపేశాక ప్రోటీన్ కరిగిపోతుంది, జన్యువు మళ్లీ మొదలుపెడుతుంది. అదే మైనస్ గుర్తు. ఆ పోగవడం వెంటనే జరిగిపోతే ఊపు ఉండదు, మట్టం ఒకచోట నిలబడిపోతుంది. అందుకని తయారైన ప్రోటీన్‌ను ఇంకో ప్రోటీన్ అరగదీస్తూ, పోగవడాన్ని గంటల తరబడి ఆలస్యం చేస్తుంది. ఇట్లాంటి ఆలస్యాలన్నీ కలిసి మన 24 గంటలు అయ్యాయి. ఈ గడియారం నడిచే తీరును తర్వాత విప్పి చెప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. కర్నూలు యార్డులో మనల్ని ముంచే ఆలస్యమే కణంలో పొద్దూ రాత్రీ తెలియజేస్తోందని చదివిన రోజు నేను నిద్రపోలేదు.

ఇక రాయడం కష్టమైన సంగతి.

2023 జనవరిలో నాయనను కర్నూల్లో ఆసుపత్రిలో చేర్చాం. గుండె పంపింగ్ బాగా పడిపోయింది. రెండో రాత్రి నేను మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను. పన్నెండు దాటాక శ్వాస తీరు మారింది. చిన్నగా మొదలై, ఒక్కో శ్వాసా పెద్దదవుతూ, రొమ్మంతా ఎగసిపడేదాకా పోయి, మళ్లీ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఆగిపోయింది. నేను లేచి చెయ్యి పట్టుకున్నాను. ఏమీ లేదు. పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. అప్పుడు చిన్న శ్వాస ఒకటి. ఆ తర్వాత ఇంకొంచెం పెద్దది. మళ్లీ అదంతా.

మా మేనత్త లేచి చూసి "ఎగశ్వాస పట్టింది రా, తులసి తీర్థం పొయ్యండి" అని ఏడ్చింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వచ్చి చూసి, నన్ను బయటికి పిలిచి మెల్లగా చెప్పాడు. ఊపిరితిత్తుల పనే కాదు ఇది, గుండె రక్తాన్ని మెల్లగా పంపుతోంది, ఊపిరితిత్తుల దగ్గరి రక్తం మెదడుకు ఆలస్యంగా చేరుతోంది అన్నాడు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూసి శ్వాస పెంచాలా తగ్గించాలా అని చెప్పేది మెదడు. మామూలుగా ఆ కబురు కొన్ని సెకన్లలో అందుతుంది. గుండె నీరసిస్తే మెదడుకు అందేది పాత కబురు. ఇక్కడ ఊపిరితిత్తులు ఎప్పుడో శుభ్రం చేసేశాయి, అక్కడ మెదడు ఇంకా చాలదు, చాలదు అంటుంటుంది. శ్వాస మితిమీరుతుంది. తర్వాత ఆ శుభ్రమైన రక్తం మెదడుకు చేరితే, ఇక అక్కర్లేదని శ్వాస ఆపేస్తుంది. ఆపిన సంగతి తెలిసేసరికి మళ్లీ ఆలస్యం.

ఆయన చెబుతుండగానే నాకు అర్థమైపోయింది. ఒక పంట వెనక.

లోపలికి వచ్చి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. ఆగిన దగ్గర నుంచి ఆగిన దగ్గరికి. 58 సెకన్లు. 61. 60. తెల్లవారేదాకా అట్లాగే లెక్కపెట్టాను. ఎందుకు చేశానంటే, చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోలేక. పిల్లలకు ఇరవై ఊపులు లెక్కపెట్టమని చెప్పే నాకు ఆ రాత్రి తెలిసిన పని అదొక్కటే. ఆగినప్పుడల్లా ఇక రాదనుకున్నాను. వచ్చినప్పుడల్లా ఆ మొదటి చిన్న శ్వాసకు ఎవరికని లేకుండా దండం పెట్టుకున్నాను.

నాలుగో రోజు నాయన పోయాడు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ శ్వాసను మొదట రాసినవాళ్లు ఇద్దరూ డబ్లిన్‌లో పనిచేసిన డాక్టర్లు. 1818లో జాన్ చెయ్న్, 1854లో విలియం స్టోక్స్. దానికి వాళ్ల పేర్లే పెట్టారు. 1977లో మాంట్రియల్‌లో మైకేల్ మాకీ, లియోన్ గ్లాస్ అనే ఇద్దరు ఆలస్యం కలిపిన ఒక సమీకరణంతో ఈ ఎగుడుదిగుడును తెప్పించి చూపించారు. అందులో ఆలస్యం తక్కువగా ఉంటే శ్వాస నిలకడగా ఉంటుంది. ఆలస్యం ఒక హద్దు దాటితే ఊపు దానంతట అదే పుడుతుంది. బయటి నుంచి ఎవరూ ఊపక్కర్లేదు, ఎవరూ తప్పు చేయక్కర్లేదు.

ఈ చివరి ముక్క నాకు చాలా అవసరమైంది. ధర పడిపోయిన ప్రతి ఏడూ రైతును తిట్టేవాళ్లుంటారు, అందరూ ఒకటే పంట ఎందుకు వేస్తారు, బుద్ధి లేదా అని. టీవీలో చదువుకున్నవాళ్లే అంటారు. నాయన బుద్ధిలో లోపం లేదు, మెదడు ఇచ్చిన ఆజ్ఞలోనూ లోపం లేదు. అందిన కబురుకు సరైన పనే చేశారు. కబురు పాతది.

అట్లాగైతే చేయాల్సింది కబురును తొందరగా చేర్చడం. మా రైతుకు జూన్‌లో తెలియాల్సింది పోయినేటి ధర కాదు, ఈ ఏడు చుట్టుపక్కల మండలాల్లో, కర్ణాటకలో, నాసిక్‌లో ఎంత విత్తనం పడుతోంది అన్నది. మన రాష్ట్రంలో ప్రభుత్వం ఈ-క్రాప్ అనే పంటల నమోదులో ఏ చేనిలో ఏ పంట ఉందో రాస్తున్నారు, కానీ విత్తనం పడ్డాక. బీమాకు, పరిహారానికి అది చాలు. విత్తాలా వద్దా అని ఆలోచించేవాడికి చాలదు. విత్తనాల దుకాణాల్లో ఎంత ఉల్లి విత్తనం అమ్ముడైందో వారం వారం మండలాల వారీగా గ్రామ సచివాలయం గోడ మీద అంటిస్తే చాలు, సగం పంట కాలం ఆలస్యం తగ్గుతుందని నా నమ్మకం. రెండోది నిల్వ. దాచుకోగలిగితే అందరి సరుకూ ఒకే వారంలో వచ్చి పడదు, ఊపు మందగిస్తుంది. లోలకం గుండును నీళ్ల గిన్నెలో ఊపితే ఏమవుతుందో అదే. వానకాలం గడ్డకు ఇది కష్టం, అయినా పొలం దగ్గరే ఆరబెట్టే పద్ధతుల మీద మన ప్రాంతం ఇంకా గట్టిగా పనిచేయాలి.

లాసల్‌గావ్‌ను మేము మార్చలేం. ఎగుమతుల కాగితాన్ని మార్చలేం. ఊరి అంకె మాత్రం మా చేతిలో ఉంది.

మొన్న జూన్‌లో తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఈసారి ఎన్నెకరాలు ఏద్దాం? నీ గీత ఏం చెబుతాంది?" అన్నాడు. గీత ఏమీ చెప్పదు, పోయిన ఏళ్లవి మాత్రమే దానికి తెలుసు, ముందు ఊళ్లో అడుగు అన్నాను. వాడు అంతకుముందే మొదలుపెట్టాడంట. మా ఊరిదీ, పక్క రెండు ఊళ్లదీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరెవరు ఎన్నెకరాలు వేయాలనుకుంటున్నారో అందులో పెట్టమన్నాడు. కొందరు పెట్టలేదు, కొందరు నవ్వారు. చాలామంది పెట్టారు. పెట్టనివాళ్ల దగ్గరికి సాయంత్రాలు నడిచిపోయి అడిగి వచ్చాడు. అంకె పెద్దదే వచ్చింది. మేం నాలుగెకరాలు అనుకున్నది రెండుకు తగ్గించి, మిగతా రెండింట్లో కంది వేశాం. ఇంకో ఆరేడుగురు కూడా తగ్గించుకున్నారని చెప్పాడు. ధర ఎట్లా ఉంటుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.

రాత్రి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కొత్త నోటుబుక్కు, నాయనది లాంటిదే, అంగట్లో వెతికి తెచ్చినట్టున్నాడు. పైన "శ్రీ". కింద విత్తిన తేదీ దగ్గర ఖాళీ, ధర దగ్గర ఖాళీ, సంచుల దగ్గర ఖాళీ. చివర "ఊరిలో" అని రాసి, అంకె మాత్రం వేసి ఉంది. దాని పక్కన తేదీ కూడా వేశాడు, జూన్ 19. అప్పటికి మా చేలో ఒక్క గింజ కూడా పడలేదు.